అన్నం మానేసిన ఇంట్లో ఉప్పు లెక్క, బీపీ గోలీ లెక్క

పసుపు తవ్వకాలు మొదలైతే మా ఓపీ రూపమే మారిపోతుంది. జనవరి చివరి నుంచి మార్చి దాకా ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, జక్రాన్‌పల్లి వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది చెప్పేవి అవే మాటలు. నడుము పట్టేసింది, పసుపు దుమ్ముకు దగ్గు ఆగడం లేదు, ఎండకు తల తిరిగింది. అందుకే ఒక మార్చి నెలలో, కళ్లంలో పసుపు ఆరబోస్తూ పడిపోయిందని ఒక తల్లిని ఆటోలో తెచ్చినప్పుడు మేమూ ఎండదెబ్బే అనుకున్నాం.

ఆమెకు 60 ఏళ్లకు దగ్గర. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాం. ఒళ్లు కాలడం లేదు. బీపీ 90/60 ఉంది. మాట తడబడుతోంది. పక్కనే నిలబడ్డ సొంత కోడలిని చూసి "నువ్వెవరు బిడ్డా?" అని అడుగుతోంది. పక్షవాతమేమోనని డాక్టరుగారు చేతులూ కాళ్లూ లేపించి చూశారు, అది కాదు. షుగరు చూశాం, బాగానే ఉంది. రక్తం ల్యాబుకు పంపితే సోడియం 117 అని వచ్చింది. ఉండవలసింది 135 నుంచి 145 మధ్య.

కోడలిని పక్కకు కూర్చోబెట్టి అడిగాం.

"అత్తమ్మ పదహారు దినాల సంది బువ్వ ముడ్తలేదు సిస్టరమ్మా. రొట్టె గూడ తింటలేదు. కోడిగుడ్లు, చికెను, ఆకుకూర, గంతే. దినాం నాలుగు లీటర్ల నీళ్లు తాగుతది. ఐదు కిలోలు తగ్గిన అని మస్తు సంబురపడ్డది."

"ఉప్పు?"

"ఉప్పు బంద్ పెట్టింది. మీరే చెప్పిండ్రట గదా."

మేమే చెప్పాం. ఆమె అంతకు ఆరు నెలల ముందు బీపీ చూపించుకోవడానికి వచ్చింది. మా ఓపీ గోడ మీద ఎప్పటినుంచో ఒక చార్టు ఉండేది. ఉప్పు ప్యాకెట్టు బొమ్మ, దాని మీద ఎర్ర రంగుతో పెద్ద అడ్డగీత, కింద "బీపీ ఉన్నవారు ఉప్పు మానండి" అని. తగ్గించండి అని కాదు, మానండి అని. మా సిస్టరు ఆ చార్టు చూపించే ఆమెను పంపింది. ఆమెకు రాసిన గోలీ టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ రెండూ కలిసినది. ఒక్క పూట కూడా మానలేదు. ఇరుగుపొరుగు చెప్పిన తిండి, గోడ మీద మేము రాసిన మాట, చీటీ మీద డాక్టరు రాసిన గోలీ, మంచిదని అందరూ అనే నీళ్లు. నాలుగింటినీ బుద్ధిగా పాటించిన మనిషి నాలుగూ కలిసి మా వార్డుకు వచ్చింది.

ప్రియ పాఠకులారా, ఈ సంచికలో ఈ సంగతి రాయడానికి కారణం అదే. పిండిపదార్థాలు తగ్గించే తిండి గురించి పత్రికల్లో, టీవీల్లో చాలా విన్నారు. బరువు ఎంత తగ్గుతుంది, షుగరు ఎంత తగ్గుతుంది అన్నది అందరూ చెబుతారు. ఒంట్లో ఉప్పు ఏమవుతుంది, వేసుకునే బీపీ గోలీ ఏం చేయాలి అన్నది చెప్పేవారు తక్కువ.

ఉప్పు ఎటు పోతుంది?

మనం అన్నం, రొట్టె, చక్కెర తిన్నప్పుడల్లా ఇన్సులిన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ పని రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపడం అని షుగరు ఉన్నవారికి తెలుసు. దానికి ఇంకో పని ఉంది. "ఉప్పును బయటికి పోనివ్వకు, పట్టి ఉంచు" అని మూత్రపిండాలకు చెబుతుంది. 1975లో డీఫ్రాంజో అనే వైద్యుడు, ఆయన సహచరులు మనుషుల్లో ఇన్సులిన్ పెంచి చూసి, మూత్రంలో పోయే సోడియం తగ్గిపోవడాన్ని కొలిచి ప్రచురించారు. దాన్ని తిరగేసి చూడండి. అన్నం మానగానే ఇన్సులిన్ తగ్గుతుంది, ఉప్పును పట్టి ఉంచమనే మాట కూడా తగ్గుతుంది. మూత్రపిండాలు సోడియాన్ని వదిలేస్తాయి, దాని వెంట నీరూ పోతుంది.

రెండో దారి ఇంకొకటి. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పేరుతో చక్కెర నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. పిండిపదార్థం రాకపోతే ఆ నిల్వ ఖర్చయిపోతుంది, పట్టుకున్న నీరూ పోతుంది. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గామని సంతోషిస్తారే, అందులో ఎక్కువ భాగం ఇదే. పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే తూకం ఎంత పడిపోతుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పోయింది నీరు, కొమ్ము కాదు. ఇదీ అంతే. కొవ్వు కరగడం తర్వాత నెమ్మదిగా మొదలవుతుంది.

ఈ నీరు, ఉప్పు పోవడం వల్లే మొదటి పది పదిహేను రోజుల్లో తలనొప్పి, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం, రాత్రిపూట పిక్కలు గుంజడం, గుండె దడ, మలబద్ధకం, ఒంట్లో సత్తువ లేకపోవడం కనిపిస్తాయి. "ఒళ్లు విషం వదిలేస్తోంది, ఓర్చుకోవాలి" అని పక్కవారు ధైర్యం చెబుతుంటారు. విషం కాదమ్మా, ఉప్పు. బీపీ లేనివారికి, మూత్రపిండాలూ గుండే బాగున్నవారికి ఇది చాలావరకు ఒక గ్లాసు ఉప్పు వేసిన పల్చటి చల్లతో, ఒక గిన్నె చికెన్ రసంతో సర్దుకుంటుంది. కొన్ని వారాల్లో శరీరం కూడా అలవాటు పడుతుంది.

బీపీ గోలీ వేసుకునేవారి సంగతి వేరు. వాళ్ల చీటీలో చాలాసార్లు మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా ఉంటుంది. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌తాలిడోన్, ఫ్యూరోసెమైడ్ వంటివి. అవి చేసే పని కూడా సోడియాన్ని బయటికి పంపడమే. అన్నం మానడం ఒక పక్క నుంచి, గోలీ ఇంకో పక్క నుంచి ఉప్పును తోడేస్తుంటే, పైనుంచి ఉప్పు వేయకుండా లీటర్ల కొద్దీ నీళ్లు పోస్తే ఏం మిగులుతుంది? ఉన్న కాస్త సోడియం కూడా పల్చబడిపోతుంది. ముఖ్యంగా వయసు మీరిన, సన్నటి స్త్రీలలో థయాజైడ్ గోలీలతో సోడియం పడిపోవడం ఈ తిండి లేకపోయినా జరిగే సంగతే. మెదడు కణాల్లోకి నీరు చేరి వాపు వస్తుంది. మతిమరుపు, తికమక, వాంతులు, ఫిట్స్, ఆపై స్పృహ తప్పడం.

అన్నం మోసుకొచ్చే ఉప్పు

ఈ ఇంటి లెక్క మాకు ఆ తల్లి వల్లే అర్థమైంది. మనం అన్నంలో ఉప్పు వేసి వండుకోం. కానీ అన్నం ఉంటేనే తొక్కు ఉంటుంది, పచ్చిపులుసు ఉంటుంది, పప్పుచారు ఉంటుంది, అప్పడం ఉంటుంది, చివర్లో ఉప్పు వేసిన చల్ల ఉంటుంది. చప్పటి అన్నం లోపలికి దిగాలంటే కూర కాస్త ఉప్పుగా, కారంగా ఉండాలి. ఇప్పుడు కంచంలో నుంచి అన్నం తీసేయండి. తొక్కు ఎవరు తింటారు? కూరను వట్టిగా తినాలంటే అంత ఉప్పు నోట పెట్టలేం, తగ్గించి వండుతాం. అంటే ఉప్పు మానాలని అనుకోకపోయినా, అన్నంతోపాటు సగం ఉప్పు ఇంట్లో నుంచి వెళ్లిపోతుంది. అప్పటికే ఉప్పు మానేసిన ఇల్లైతే చెప్పనే అక్కరలేదు.

తెలుగు ఇళ్లలో రెండు కాలాల మాటలు కలిసిపోయాయి. 2000ల్లో టీవీ పెడితే ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణ రాజుగారు కనిపించేవారు. ఉప్పు లేని తిండి, ఎక్కువ నీళ్లు అని ఆయన చెప్పేది విని ఎంతోమంది ఉప్పు డబ్బా అటకెక్కించారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారి సభలు ఊరూరా జరిగాయి. అన్నం, పిండిపదార్థాలు వదిలి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీ విటమిన్ గోలీలు అన్నది పిల్లల నోట కూడా ఆడింది. ఎవరి పద్ధతి మంచిదని తీర్పు చెప్పడానికి మేము ఇక్కడ కూర్చోలేదు. ఒకటి మాత్రం చెబుతాం. ఉప్పు వద్దన్న పద్ధతిలో పండ్లు, రొట్టెలు ఉన్నాయి. అన్నం వద్దన్న పద్ధతి ఇంకో దారి. ఇంట్లోవాళ్లు ఒకదాని నుంచి సగం, ఇంకోదాని నుంచి సగం తీసుకుని, మధ్యలో మా ఆసుపత్రి గోలీ కలుపుకుంటే అది ఎవరూ చెప్పని మూడో పద్ధతి అవుతుంది.

పిండిపదార్థం తగ్గించడం కొత్తదీ కాదు, చెడ్డదీ కాదు. లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంప మానేసి తన లావు ఎలా తగ్గించుకున్నాడో 1863లోనే చిన్న పుస్తకం వేశాడు. 1921లో అమెరికాలో డాక్టర్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం కీటోజెనిక్ ఆహారం సూచించారు, పిల్లల మూర్ఛకు నేటికీ పెద్ద ఆసుపత్రుల్లో దాన్ని వాడుతున్నారు. మన సంగతికి వస్తే, 2025లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వేలో మన దేశంలో తిండి ద్వారా వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. బియ్యం, గోధుమ, చక్కెర తగ్గించి పప్పులు, గుడ్లు, పాలు వంటి మాంసకృత్తులు పెంచమనే ఆ సర్వే చేసినవారు కూడా చెప్పారు. మూడు పూటలా అన్నం, మధ్యలో నాలుగు చాయిలు తాగే మన ప్రాంతానికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది.

మా రాత్రి డ్యూటీ సిస్టర్లలో ఒకరు ఇది చేశారు కూడా. 78 కిలోలు ఉండేది, రెండు రకాల బీపీ గోలీలు వేసుకునేది. మొదలుపెట్టే ముందే డాక్టరుగారికి చెప్పింది, క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించుకుంది. మొదటి రోజే నీరు పోయించే గోలీ ఆపేశారు. రెండు వారాలపాటు పొద్దున, రాత్రి బీపీ చూసి చిన్న నోటుబుక్కులో రాసుకుంది. మూడో వారంలో రెండో గోలీ సగం చేశారు. ఎనిమిది నెలలకు 11 కిలోలు తగ్గింది. ఇప్పుడు పగలు ఒక కప్పు అన్నం తింటుంది, ఒక్క గోలీతో బీపీ 126/80 దగ్గర ఉంటోంది. తేడా తిండిలో లేదు, నోటుబుక్కులో ఉంది అని ఆమె మమ్మల్ని ఆట పట్టిస్తుంది.

గోలీలన్నీ ఒకటి కావు

బీపీ తగ్గిందని ఎవరికి వారు గోలీ ఆపేయడం ఇంకో ప్రమాదం. అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటివి, క్లోనిడిన్ వంటివి ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగిరిపడతాయి. గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రాణం మీదికి రావచ్చు. ఏది ముందు తగ్గించాలి, ఏది తర్వాత అన్నది డాక్టరు పని. సాధారణంగా ముందు చూసేది నీరు పోయించే మందునే. అదే మందును గుండె బలహీనమై కాళ్లు వాచేవారికి ఇచ్చి ఉంటే ఆపకూడదు. అలాంటివారు ఉప్పు కూడా పెంచకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ అంతే. వీరు ఈ తిండి జోలికి వెళ్లాలంటే ముందు డాక్టరు గది తలుపు తట్టాలి.

మిగతా బీపీ రోగులకు మేము చెప్పేది ఇది. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే చదును చేసిన ఒక చిన్న చెంచా, దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ మాట అలాగే ఉంది. అన్నం మానేశాక ఆ ఒక్క చెంచా కూడా లోపలికి వెళ్తోందో లేదో చూసుకోండి. కళ్లు తిరుగుతున్నాయని మీ అంతట మీరు ఉప్పు గుమ్మరించుకోవద్దు. ఒక చేత్తో బీపీ తగ్గించే గోలీ, ఇంకో చేత్తో బీపీ పెంచే ఉప్పు వేసుకోవడంలో అర్థం లేదు. గోలీ తగ్గించాలేమో చూపించుకోండి.

ఇంట్లో చూసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఇప్పుడు గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి కొడుకూ ఒక బీపీ మిషను తెస్తున్నాడు కాబట్టి చెబుతున్నాం. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూడండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. గోడ పక్కన నిలబడండి, ఒంటరిగా చేయవద్దు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఒంట్లో నీరు, ఉప్పు తక్కువైనట్టో, గోలీ ఎక్కువైనట్టో. ఆ రోజే రండి. కూర్చుని చూసినప్పుడు పై అంకె 110 కంటే తగ్గినా వచ్చి చూపించుకోమని మా ఓపీలో చెబుతున్నాం. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, మిషను కొనేటప్పుడు పట్టీ కొలత చూసి కొనండి.

పొటాషియం రెండు వైపులా కోసే కత్తి

సోడియం తగ్గినప్పుడు శరీరం దాన్ని కాపాడుకోవడానికి పొటాషియాన్ని వదిలేస్తుంది. నీరు పోయించే గోలీలు కూడా పొటాషియాన్ని తగ్గిస్తాయి. పిక్కలు గుంజడం, నీరసం, గుండె లయ తప్పడం దీనివల్లే. అందుకని "పొటాషియం తినండి" అని అందరికీ ఒకే మాట చెప్పేస్తే? అక్కడ కూడా దెబ్బ తిన్నాం.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన, 50 లోపు వయసు. టెల్మిసార్టాన్ వేసుకుంటాడు. అన్నం మానేశాక కాళ్లు గుంజుతున్నాయంటే స్నేహితులు పొటాషియం తక్కువైందన్నారు. రోజుకు మూడు కొబ్బరి బోండాలు, వంటకు సోడియం తక్కువ ఉండే ఉప్పు. ఆ ఉప్పులో సోడియం తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్, ఇవన్నీ పొటాషియాన్ని ఒంట్లోనే ఆపే మందులు. పైగా ఎడారి ఎండల్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఆయన మూత్రపిండాలు అప్పటికే కొంత దెబ్బతిని ఉన్నాయి, అది ఆయనకు తెలియదు. నీరసమని వచ్చాడు. పొటాషియం 6.7 ఉంది, ఉండవలసింది 3.5 నుంచి 5. ఈసీజీలో గీతలు డేరాల్లా లేచి ఉన్నాయి. వెంటనే కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాం, తర్వాత ఇన్సులిన్‌తో కలిపి డెక్స్‌ట్రోజ్ ఎక్కించాం. ఆ మత్తులోనూ "సిస్టర్, అది చక్కెర నీళ్లు గదా, నేను చక్కెర బంద్ చేసిన" అన్నాడు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సోడియం తక్కువ ఉప్పు చెడ్డదని అర్థం చేసుకోవద్దు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందికి అలాంటి ఉప్పు ఇచ్చి, మామూలు ఉప్పుతో పోల్చి చూసిన పరిశోధన 2021లో వెలువడింది. పక్షవాతం తగ్గింది. మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవారిని, పొటాషియం ఆపే మూత్రపు గోలీలు వేసుకునేవారిని అందులో చేర్చుకోలేదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ ఉప్పు వైపు మొగ్గు చూపుతూనే మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను మినహాయించింది. క్రియాటినిన్, పొటాషియం పరీక్ష ఒక్కసారి చేయించుకున్నాకే ఆ ప్యాకెట్టు ఇంటికి తెచ్చుకోండి.

పరీక్ష బాగున్నవారికి పొటాషియం కోసం సీసాలూ పొడులూ అక్కరలేదు. తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర, పుంటికూర, టమాట, పెరుగు, చేప చాలు. ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం సగం అందులోనే పోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అలా పారబోయమనే చెబుతాం, మిగతావారికి పారబోయవద్దంటాం. మెగ్నీషియం కోసం నువ్వులు, పల్లీలు, గుమ్మడి గింజలు ఉన్నాయి. మెగ్నీషియం బాగా తక్కువగా ఉంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు, అందుకే మా డాక్టరుగారు కొందరికి ఆ పరీక్ష కూడా రాస్తారు.

ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఎందుకుంది?

మే నెలలో ఈ జిల్లా ఎండ 45 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. ఆ నెలలో వాంతులు విరేచనాలైనా, పొలంలో చెమట కారినా ఓఆర్‌ఎస్ ఇస్తాం. పిండిపదార్థం మానేసినవారు ప్యాకెట్టు మీద గ్లూకోజ్ అని చదివి వెనక్కి ఇచ్చేస్తున్నారు. లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఆ గ్లూకోజ్ రుచి కోసం కాదు. పేగు గోడలో సోడియం లోపలికి దాటే తలుపును గ్లూకోజ్ తోడుంటేనే తీయగలదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా సాగుతున్నప్పుడు, సెలైన్ సీసాలు అయిపోయిన స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లను తాగించే ఎంతోమందిని బతికించారు. విరేచనాలు పట్టుకున్న రోజు తిండి నియమం పక్కన పెట్టండి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మే తీపి డబ్బాలు మాత్రం వేరు. వాటి మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజనిగారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

షుగరు గోలీల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనేవి ఈ మధ్య చౌకగా దొరికి చాలా చీటీల్లో కనిపిస్తున్నాయి. మంచి మందులే. అవి మూత్రంలో చక్కెరతోపాటు నీటినీ ఉప్పునూ పంపుతాయి. వాటితోపాటు అన్నం పూర్తిగా మానేస్తే, షుగరు అంకె మామూలుగా ఉంటూనే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ఇంట్లో మిషను మీద షుగరు 160 చూసి బాగుందనుకుంటారు. ఈ గోలీ వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఈ తిండి మొదలుపెట్టవద్దు. లెంట్ నలభై దినాలు, రంజాన్ నెల, శ్రావణ మాసం, ఏ ఉపవాసమైనా ఇదే మాట.

ఇక మా తల్లి సంగతి. సోడియం 117 నుంచి ఒక్క పూటలో 135కి తేవచ్చు, తేకూడదు. రోజుకు 8 కంటే మించి పెంచితే మెదడులోని నరాల పొర దెబ్బతిని మనిషి మంచాన పడవచ్చు. 3 శాతం సెలైన్ బొట్టు బొట్టు లెక్కపెట్టి ఎక్కించాం, నాలుగు గంటలకోసారి రక్తం తీశాం. కొడుకు దుబాయి నుంచి ఫోను చేసి "ఉప్పు తక్కువైతే ఉప్పు ఎక్కియ్యుండ్రి, గిన్ని దినాలెందుకు?" అని కోప్పడ్డాడు. రాత్రి రెండు గంటలకు అతనికి ఈ లెక్క ఫోనులో చెప్పడం మా సిస్టరుకు సూది వేయడం కంటే కష్టమైంది. నాలుగో రోజు పొద్దున ఆమె కోడలిని పేరు పెట్టి పిలిచింది. ఇంట్లో పసుపు ఎవరు ఏరుతున్నారని అడిగింది.

నీరు పోయించే గోలీ ఆమె చీటీలో నుంచి శాశ్వతంగా పోయింది. ఇప్పుడు పగలు ఒక జొన్న రొట్టె, రాత్రి కాస్త అన్నం, కూరల్లో మామూలుగా ఉప్పు, దాహమైనప్పుడు నీళ్లు. తగ్గిన ఐదు కిలోల్లో మూడు మొదటి నెలలోనే తిరిగొచ్చాయి, అవి నీళ్ల కిలోలని ఆమెకే ఇప్పుడు తెలుసు.

ఓపీ గోడ మీది ఆ పాత చార్టు తీసేశాం. కొత్తదాంట్లో ఉప్పు ప్యాకెట్టు బదులు చెంచా బొమ్మ పెట్టి, "ఉప్పు రోజుకు ఒక్క చెంచా. తిండి మార్చారా? గోలీ రాసినవారికి ముందు చెప్పండి" అని రాయించాం. మొన్న బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె దాని ముందు చాలాసేపు నిలబడింది. "అచ్చరాలు సన్నగ పెట్టిండ్రు సిస్టరమ్మా, నాకైతే కనిపిస్తలేవు" అంది. ఎండాకాలం లోపల పెద్ద అక్షరాలతో మళ్లీ రాయిస్తున్నాం.